నూట ఇరవై ఎనిమిది జతల చెప్పులు

టోల్ గేటు దగ్గర డైరెక్టర్ పరాంకుశం గారి కారు ఆగలేదు. కథంతా అక్కడే మొదలైంది.

కారు అద్దం మీది చీటీని పైనున్న కన్నేదో చూసింది, గేటు లేచింది, కారు దూసుకుపోయింది. వెనక సీట్లో పరాంకుశం గారు నిటారుగా కూర్చున్నారు.

"ఆపకుండానే పనైపోయిందే!" అన్నారు.

"రెండేళ్లుగా ఇంతేనండి" అన్నాడు డ్రైవరు.

ఆ రెండేళ్లూ గేటు దగ్గరికి వచ్చేసరికి పరాంకుశం గారు నిద్రలో ఉండేవారు. ఆ రోజు దోమ కుట్టి మెలకువ వచ్చింది. ఒక్క దోమ తలుచుకుంటే ఒక సంస్థని ఎంత దూరం తీసుకుపోగలదో అప్పటికి ఎవరికీ తెలియదు.

పరాంకుశం గారు ప్రాంతీయ మస్తిష్క పరీక్షా సంస్థకి డైరెక్టరు. పూర్వం డాక్టరే. ఇప్పుడు రోగుల్ని చూడరు, ఫైళ్లని చూస్తారు. మర్నాడు పొద్దున్నే ఆయన సంస్థంతా తిరిగి, ఎక్కడెక్కడ మనుషులు ఆగుతున్నారో చూశారు. చీటీ రాసేచోట రెండు నిమిషాలు, రక్తం ఇచ్చేచోట మూడు. ఎమ్మారై గది ముందు మాత్రం ఆయనే ఆగిపోయారు. లోపల బల్ల మీద ఒక పెద్దాయన పడుకుని ఉన్నాడు. యంత్రం మోగుతోంది. అద్దానికి ఇవతల కంప్యూటర్ ముందు సింధూర కూర్చుని ఉంది. ఇంకేమీ జరగడం లేదు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"వింటున్నానండి."

"ఎంతసేపటి నుంచి?"

"ఏడు నిమిషాలైందండి. ఇంకో మూడూ నలభై."

డైరెక్టరు గారికి టోల్ గేటు గుర్తొచ్చింది.

సింధూర ఆ యంత్రాన్ని నడిపే టెక్నీషియన్. పెళ్లయి నలభై ఒక్క రోజులు. ఆ గదిలో పెద్ద అయస్కాంతం ఉంటుంది కనుక ఇనుము ఏ రూపంలోనూ లోపలికి రాకూడదు. తలలో పిన్ను కూడా. పెళ్లయిన మూడో రోజున మల్లెపూలు తెచ్చిన భార్గవ్ ఈ సంగతి విని దిగాలు పడిపోయాడు. నాలుగో రోజు నుంచి పిన్ను లేకుండా దారంతో జడకి పూలు చుట్టడం నేర్చుకున్నాడు. మొదట్లో మెడ మీదికి జారిపోయేవి. ఇప్పుడు సాయంత్రం దాకా కదలడం లేదు. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మనిషి ఇంత త్వరగా నేర్చుకుంటాడని ఆమె అనుకోలేదు. అతన్ని ఏమని పిలవాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు. రోజుకో పిలుపు పెట్టి చూస్తోంది. ఆ రోజు వంతు "ఏవండోయ్".

ఇక ఆమె వినేదేమిటంటే: ఎమ్మారై యంత్రం మెదడుని ఫోటో తీస్తుంది. ఫోటోలో గడ్డ కనిపిస్తే అది ఎలాంటి గడ్డో ఫోటో అన్నిసార్లూ చెప్పలేదు. మూత పెట్టిన గిన్నెని చూసి లోపల పప్పుచారో సాంబారో ఎవరు చెప్పగలరు? అప్పుడు అదే యంత్రంతో స్పెక్ట్రోస్కోపీ అనే పరీక్ష చేస్తారు. అది మూత తీయకుండానే లోపలి దినుసులు చెప్పే పరీక్ష. మెదడులో పంచదార బిళ్లంత చోటు ఎంచుకుంటే, అక్కడున్న రసాయనాలు తమ పేర్లు తామే చెప్పుకుంటాయి. చిక్కల్లా ఏమిటంటే, అత్తగారింట్లో మొదటి రోజు కొత్తకోడలు మాట్లాడినట్టు మెల్లగా చెబుతాయి. ఒకసారి వింటే రొద తప్ప ఏమీ ఉండదు. అందుకని ఐదు సెకన్లకోసారి, నూట ఇరవై ఎనిమిది సార్లు అడిగి, విన్నవన్నీ కలిపి సగటు తీస్తారు. రొదని రొదే కొట్టేసుకుంటుంది. మాట మిగులుతుంది. మొత్తం పది నిమిషాల నలభై సెకన్లు.

ఇదంతా సింధూర చెబుతుంటే డైరెక్టరు గారు గడియారం చూసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే పరిపాలనాధికారి సన్యాసిరాజు గారి సంతకంతో ఆదేశం వచ్చింది. "సంస్థ యందు జరుగుచున్న కాలహరణమును డైరెక్టరు వారు మిక్కిలి తీవ్రముగా పరిగణించినారు. కావున రేపటి నుండి వేగవర్ధన పక్షోత్సవములు జరుపబడును. అందరు ఉద్యోగులు వేగముగా ఉండవలెను. వేగముగా ఉన్నట్లు ప్రతి సాయంత్రము మూడు ప్రతులలో ధ్రువీకరించవలెను."

పరిపాలనాధికారిని ఏవో గారు అంటారు. ఏవో గారికి ఇంట్లో భార్య కూడా మూడు ప్రతులలో కూర వడ్డిస్తుందని సంస్థలో చెప్పుకుంటారు. అది అబద్ధమే అయుండాలి.

మర్నాడు మీటింగు. ఎజెండాలో ఒకటే అంశం.

"నూట ఇరవై ఎనిమిది సార్లు ఎందుకు అడగాలి?" అన్నారు ఏవో గారు. "మొదటిసారి అడిగినప్పుడు మెదడు సమాధానం ఇవ్వలేదా?"

"ఇస్తుందండి. మనకి వినపడదు" అంది సింధూర.

"అంటే లోపం వినేవారిలో ఉన్నది. దానికి రోగి ఏల శిక్ష అనుభవించవలెను?"

ఇందులో తర్కం ఉందని డైరెక్టరు గారు ఒప్పుకున్నారు. నూట ఇరవై ఎనిమిదిని అరవై నాలుగు చేశారు. ఏమీ కొంప మునగలేదు. గీతలు కాస్త వణికాయి, అంతే. ఆ ఉత్సాహంలో బుధవారానికి పదహారు చేశారు. శుక్రవారానికి ఒకటి చేశారు. పరీక్ష ఐదు సెకన్లలో ముగుస్తోంది. రోగి బల్ల మీద తల సర్దుకునే లోపలే "అయిపోయింది, లేవండి" అనాల్సి వస్తోంది. ఒక ముసలాయన దిగనని మొండికేశాడు. ఇంత ఖాళీ కడుపుతో, ఇంత దూరం బస్సులో వచ్చి, ఇంత తక్కువ వైద్యం చేయించుకుని వెళితే ఇంట్లో నమ్మరని ఆయన బాధ.

తెర మీద మాత్రం శిఖరాలు పోయి, తొలకరికి మొలిచిన గడ్డిలాంటి గీతలు మిగిలాయి. మెదడు ఆపరేషన్లు చేసే డాక్టర్ విఠల్ ఆ రిపోర్టులు చూసి ఒక్క వాక్యం రాసి పంపారు: "గరిక బాగుంది. వినాయకచవితి దాకా దాచండి."

డైరెక్టరు గారు నొచ్చుకున్నారు. "సరే, నూట ఇరవై ఎనిమిది కావాలంటారు. ఐదు సెకన్లు దాటకూడదని మేమంటాం. ఈ రెండూ కలిసే దారి లేదా?"

దారి ఏవో గారు కనిపెట్టారు. ఆదివారం సెలవు నాడు యంత్రంతో పాటు వచ్చిన పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివి, సోమవారం పొద్దున్నే వేలు పెట్టి చూపించారు.

"ఇచ్చట 'నూట ఇరవై ఎనిమిది కొలతల సగటు' అని ఉన్నది. ఆ నూట ఇరవై ఎనిమిదీ ఒకే మనిషివి కావలెనని ఎచ్చటనూ లేదు."

గదిలో ఏసీ ఒక్క క్షణం ఆగినట్టనిపించింది సింధూరకి.

"నూట ఇరవై ఎనిమిది మందిని పిలిచెదము" అన్నారు ఏవో గారు. "ఒక్కొక్కరికి ఒక్కొక్క కొలత. ఐదు సెకన్లు. అన్నియు కలిపి సగటు. సగటులో రొద పోవును. ఒక్క పరీక్షతో నూట ఇరవై ఎనిమిది మందికి నివేదిక!"

"సార్, వేరు వేరు మనుషుల మెదళ్లు కలిపి సగటు తీస్తే ఎవరిదొస్తుందండి?" అంది సింధూర.

"ప్రజలది" అన్నారు డైరెక్టరు గారు. ఆయన కళ్లు చెమర్చాయి.

అలా సామూహిక సగటు పథకం వచ్చింది. దానికి పదకొండు నిబంధనలు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఏడో నిబంధన: "సగటు నివేదిక టోకెను పొందిన వారందరికిని, హోదా భేదము లేక, సమానముగా వర్తించును."

తొలి విడతకే ఒక ఇబ్బంది వచ్చింది. పర్యవేక్షణకని ఏవో గారు జేబులో స్టేప్లరుతో గదిలోకి అడుగు పెట్టారు. సింధూర "సార్!" అని అరిచేలోపే స్టేప్లరు జేబు చింపుకుని గాల్లో తేలుతూ వెళ్లి యంత్రం నోటి దగ్గర ఠంగుమని అతుక్కుంది. అది ఏవో గారి ఇరవై రెండేళ్ల స్టేప్లరు. ఆ రోజు నుంచి ఆయన గడప దాటలేదు. బయటే కుర్చీ వేయించుకుని, గది ముందు విడిచిన చెప్పుల జతలు లెక్కపెట్టి, జతకొక లబ్ధిదారు చొప్పున రిజిస్టరులో వేసేవారు. లోపలికి వెళ్లకుండానే లెక్క తేలే ఆ పద్ధతి డైరెక్టరు గారికి ఎంతో నచ్చి, దాన్ని పదకొండో నిబంధనగా చేర్చారు.

నూట ఇరవై ఎనిమిది మంది బల్ల ఎక్కి దిగడానికి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పట్టింది. కానీ అది పరీక్ష కాలంలోకి రాదు. అది ప్రయాణ కాలం. సగటు మాత్రం చూడముచ్చటగా వచ్చింది. పుస్తకంలో బొమ్మలాగా ఎక్కడి శిఖరం అక్కడ ఉంది. నూట ఇరవై ఎనిమిది మందికీ ఒకటే రిపోర్టు చేతిలో పెట్టారు: "సగటున మెదడు ఆరోగ్యముగా ఉన్నది." గేటుకి బ్యానరు కట్టారు. కొందరు మిఠాయిలు పంచారు.

ఆ రిపోర్టు పట్టుకునే ఆ మరుసటి సోమవారం నూకాలమ్మ సింధూర దగ్గరికి వచ్చింది.

నూకాలమ్మది రైల్వే గేటు దగ్గర ఇడ్లీ బండి. గేటు పడినప్పుడల్లా ఊళ్లో సగంమంది ఆమె బండి ముందు ఆగుతారు. రెండు నెలల క్రితం చట్నీ వేస్తూ వేస్తూ ఫిట్సు వచ్చి పడిపోయింది. ఎమ్మారై ఫోటోలో శనగగింజంత గడ్డ కనబడింది. అది చెడ్డ గడ్డ కావచ్చు, అప్పుడు తల తెరవాలి. టీబీ గడ్డ కావచ్చు, అప్పుడు ఏడాది పైన మాత్రలు మింగితే కరిగిపోతుంది. రెండూ ఫోటోలో ఒక్కలాగే ఉంటాయి. స్పెక్ట్రోస్కోపీలో కుడివైపున కొవ్వు శిఖరం ఒక్కటే ఎత్తుగా లేస్తే టీబీ గడ్డని నమ్మొచ్చు.

"విఠల్ డాక్టరు బాబు ఈ కాయితం సూసి నవ్వినాడమ్మా" అంది నూకాలమ్మ. "ఇందులో గడ్డే నేదంట. ఫోటోలో ఉందంట. బుధవారం సాయంత్రం లోపల నాదీ అని ఒక కాయితం తెస్తే సరేనంట. నేకపోతే గురువారం పొద్దున్న పది గంటలకి గుండు గీసి కోసేస్తారంట. నీ సేతిలో ఉందేటి, అమ్మా?"

సింధూర ఆ కాగితం వంక, నూకాలమ్మ తల వంక చూసింది. ఒత్తయిన జుట్టు. నడినెత్తిన చిన్న కొప్పు. ఆవిరికి చెంపల దగ్గర వెంట్రుకలు రింగులు తిరిగి ఉన్నాయి.

"రండి పిన్నీ, డైరెక్టరు గారినే అడుగుదాం" అంది.

డైరెక్టరు గారు ఓపిగ్గానే విన్నారు. వేగంగా కూడా విన్నారు.

"చూడమ్మా, నీకొక్కదానికే నూట ఇరవై ఎనిమిదీ ఇచ్చేస్తే, మిగతా నూట ఇరవై ఏడు మందికి అన్యాయం చేసినట్టు కాదా?"

"పది నిమిషాల నలభై సెకన్లే కదండి" అంది సింధూర.

"ఆ పది నిమిషాల్లో టోల్ గేటు దగ్గర ఎన్ని కార్లు వెళ్లిపోతాయో తెలుసా?"

నూకాలమ్మ కొంగు నడుముకి చెక్కుకుంది. "బాబూ, ఒక మాట సెప్తాను, కోప్పడకండి. మా ఇడ్లీ పాత్రలో వాయికి పది నిమిషాలు ఆవిరి పట్టాల. నేను నూట ఇరవై ఎనిమిది ఇడ్లీలు ఒక్కోటీ ఐదు సెకన్లు ఆవిరి సూపించి తీసేసి, అన్నీ కలిపితే పది నిమిషాలు దాటిపోనాది, తినండి అంటే మీరు తింటారేటి?"

డైరెక్టరు గారు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, నుదుటి మీద గీత పడింది.

"ఇది ఇడ్లీ కాదమ్మా" అన్నారు చివరికి. "సైన్సు."

ఆ సాయంత్రం ఇంటికెళ్లినా సింధూర ముఖం విప్పలేదు. భార్గవ్ కొత్త కుక్కరు మొదటి విజిల్ వినిపించి నవ్విద్దామని చూశాడు. ఆ కుక్కరు పెళ్లికి వచ్చిన నాలుగు కుక్కర్లలో ఒకటి. విజిల్ బాగానే కూసింది. ఆమె ఒకే ఒక్కసారి నవ్వి, మళ్లీ గురువారం గురించి తలుచుకుంది.

మర్నాడు మంగళవారం. ఆధార్ కేంద్రంలో చిరునామా మార్పించుకోవడానికి ఇద్దరూ ఏడింటికే వెళ్లారు. ఆ పని కోసం ఆమె వారం రోజులుగా ఎదురు చూస్తోంది. తన పేరు పక్కన అతని ఇంటి నంబరు అచ్చులో చూసుకోవాలని. కేంద్రం తెరిచేది పదింటికి. తలుపు దగ్గర్నుంచి వీధి మలుపు దాకా పొడుగ్గా వరస ఉంది. వరసలో ఒక్క మనిషీ లేడు. అన్నీ చెప్పులే. హవాయి చెప్పులు, తోలు చెప్పులు, ఒక జత పసిపిల్లవాడి బూట్లు, ఒకచోట చెప్పుల్లేనివాళ్లు పెట్టిన ఇటుక. మనుషులందరూ ఎదురుగా టీ కొట్టు నీడలో కబుర్లాడుకుంటున్నారు.

భార్గవ్ తన చెప్పులు చివర పెట్టాడు. ఆమె చెప్పులు కూడా తీసుకుని, తనవాటికి ఆనుకునేలా సర్దాడు. "మనకన్నా ముందు ఇవి కాపురం చేస్తున్నాయి చూడు" అన్నాడు.

సింధూర నవ్వలేదు. చెప్పుల వరసనే చూస్తోంది.

"ఏమైంది?"

"ఏవండీ... ఇక్కడ టోకెన్లు దేన్ని చూసి ఇస్తారు?"

"చెప్పుల్ని చూసే. తర్వాత ఎవరో ఒకరు వచ్చి తీసుకుంటారు."

"మా ఏవో గారు కూడా చెప్పుల్నే లెక్కపెడతారు" అంది నెమ్మదిగా. అప్పుడు నవ్వింది. ఎంత నవ్విందంటే టీ కొట్టు దగ్గరివాళ్లంతా తిరిగి చూశారు. జడలో నిన్నటి దారం కూడా ఊడిపోయింది.

ఆధార్ పని ఆ రోజు కాలేదు. ఇద్దరూ వట్టి కాళ్లతో కొంత దూరం వెళ్లిపోయి, చెప్పుల కోసం మళ్లీ వెనక్కొచ్చి, తిన్నగా రైల్వే గేటు దగ్గరికి పోయారు.

బుధవారం పక్షోత్సవాల ముగింపు. మహావేగ దినమని పేరు పెట్టారు. ముందు ఆవరణలో షామియానా, వేదిక, మైకు. నూట ఇరవై ఎనిమిది మందికి ఒక్క పూటలో పరీక్ష ముగించి రికార్డు సృష్టించాలని సంకల్పం. సంప్రదాయం ప్రకారం ఒకటో నంబరు టోకెను డైరెక్టరు గారిది, రెండోది ఏవో గారిది. డైరెక్టరు గారు రిబ్బను కత్తిరించి, బూట్లు విప్పి గది ముందు మొదటి జతగా పెట్టారు. ఏవో గారు తన చెప్పులు దాని పక్కన, ఒక అంగుళం వెనగ్గా పెట్టారు. తర్వాత డైరెక్టరు గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"నా వంతు ఐదు సెకన్లను ప్రజలకు అంకితం చేస్తున్నాను!"

"నావియు" అన్నారు ఏవో గారు.

"అది ఎవరికైనా వాడొచ్చా సార్?" అంది సింధూర.

"ఎవరికైనా!" అని డైరెక్టరు గారు చేత్తో ఆకాశాన్ని చూపించి, సాక్సులతోనే వేదిక ఎక్కారు. 'వేగమే వైద్యం' అన్న అంశం మీద ఆయన ఉపన్యాసం మొదలైంది. గంటన్నర సాగింది.

ఎనిమిదింటి నుంచే జనం రావడం మొదలెట్టారు. లోకో షెడ్డు వాళ్లు, గేటు కీపరు, ఆటోవాళ్లు, పూలమ్మి, ఇద్దరు బడి పంతుళ్లు. అందరూ నూకాలమ్మ దగ్గర చట్నీ రెండోసారి అడిగి వేయించుకున్న చరిత్ర ఉన్నవాళ్లే. వచ్చినవాళ్లు టోకెను రాయించుకున్నారు, చెప్పులు విడిచారు, హాల్లోకి వెళ్లారు, వెనక తలుపు గుండా వీధిలోకి దిగి ఇడ్లీ బండి దగ్గరికి పోయారు. బండి ఆ రోజు నూకాలమ్మ చెల్లెలు నడుపుతోంది. నూట ఇరవై ఎనిమిదో టోకెను నూకాలమ్మది.

ఏవో గారు వంగి వంగి జతలు లెక్కపెట్టారు. మూడుసార్లు లెక్కపెట్టారు. మూడుసార్లూ నూట ఇరవై ఎనిమిది. రిజిస్టరులో వేసి, గడియారం చేత్తో పట్టుకుని గడప బయట నిలబడ్డారు. లోపలి గదుల వైపు అనుమానంగా చూశారు.

"ఇంతమంది లోపల పట్టినారా?"

"బల్ల మీద ఒక్కరే పడతారు సార్" అంది సింధూర. "లోపలికొచ్చి చూస్తారా?"

ఏవో గారి చెయ్యి చిరిగిన జేబు మీదికి వెళ్లింది. "అక్కర లేదు. ప్రారంభింపుము."

నూకాలమ్మ బల్ల మీద పడుకుంది. కొప్పు విప్పి, జుట్టు ఒక పక్కకి సర్దుకుంది.

"కదలకూడదు పిన్నీ. పది నిమిషాలు."

"వాయి దిగేదాకా మూత తియ్యనులే" అంది నూకాలమ్మ. కళ్లు మూసుకుంది.

యంత్రం మోగడం మొదలెట్టింది. గ్రైండరులో పిండి తిరిగినట్టు ఒకటే మోత. ఐదు సెకన్లకొక కొలత. సింధూర తెర మీద కళ్లు పెట్టింది. ఎనిమిదో కొలతకి గరికే. ముప్పయ్యోదానికి కూడా గరికే, కాకపోతే కుడివైపు గడ్డి కాస్త ఏపుగా ఉందనిపించింది. ఆశ కొద్దీ అలా కనిపిస్తోందేమో అనుకుని నీళ్లు తాగింది. బయట మైకులో డైరెక్టరు గారు "ఆలస్యం అమృతం విషం" అని మూడోసారి అంటున్నారు. అరవై నాలుగుకి రొద తగ్గింది. వందకి ఏదో లేస్తోంది. అద్దం అవతల నూకాలమ్మ కదలడం లేదు. నిద్రపోయింది. పగటిపూట ఆవిడ నడుం వాల్చి ఎన్నేళ్లయిందో! నూట ఇరవై. నూట ఇరవై ఐదు. నూట ఇరవై ఎనిమిది.

కుడివైపున, ఒంటరిగా, దిట్టంగా, కొవ్వు శిఖరం నిలబడి ఉంది. పక్కన ఇంకేమీ తల ఎత్తలేదు.

సింధూర కుర్చీలోంచి లేచి, ఎవరూ చూడడం లేదని రూఢి చేసుకుని, ఉన్నచోటే రెండుసార్లు గెంతింది. పూలు కదల్లేదు.

"అయినవా?" అన్నారు బయటి నుంచి ఏవో గారు.

"నూట ఇరవై ఎనిమిదీ అయ్యాయి సార్."

"ఎంత కాలము పట్టినది?"

"పది నిమిషాల నలభై సెకన్లు."

ఏవో గారు గడియారాన్ని చెవికి ఆనించుకుని ఆడుతోందో లేదో విన్నారు. "ఎక్కుట, దిగుటతో కలిపియా?"

"మధ్యలో ఎవరూ దిగలేదు సార్."

ఏవో గారు వేదిక దగ్గరికి పరుగెత్తారు. ఆయన పరుగెత్తడం సంస్థ చరిత్రలో అదే మొదలు. రోజంతా పట్టే పని పది నిమిషాల్లో ముగిసిందని మైకులో ప్రకటించారు. చప్పట్లు. డైరెక్టరు గారికి గజమాల వేశారు. ఈలోగా పథకం ప్రకారం కంప్యూటరు నూట ఇరవై ఎనిమిది ప్రతులు అచ్చు వేసింది. పైనున్న ప్రతి ఒకటో నంబరుది. పళ్లెంలో పెట్టి వేదిక మీదే అందించారు.

డైరెక్టరు గారు చిరునవ్వుతో మైకులోనే చదివారు. "సగటున... మెదడులో గడ్డ ఉన్నది. లక్షణములు టీబీ గడ్డను సూచించుచున్నవి. వెంటనే చికిత్స..."

చిరునవ్వు అక్కడే ఉండిపోయింది. ముఖం మాత్రం దాని వెనక నుంచి వెళ్లిపోయింది.

ఆయన మాలతోనే సింధూర గదికి వచ్చారు. వెనకే ఏవో గారు, రెండో ప్రతి పట్టుకుని.

"ఏమ్మా, ఇది సగటు కదా? నాకు సంబంధం లేదు కదా?"

"ఏడో నిబంధన సార్" అంది సింధూర.

ఏవో గారికి అబద్ధమాడడం చేతకాదు. "టోకెను పొందిన వారందరికిని, హోదా భేదము లేక, సమానముగా" అని వల్లించారు. వల్లిస్తూ వల్లిస్తూ తన తల తడుముకున్నారు.

"నాకు నెల రోజులుగా ఇక్కడ బరువుగా ఉంటోంది" అన్నారు డైరెక్టరు గారు, కుడి కణత చూపిస్తూ. ఆ కణత మీదే గజమాల ముడి ఆని ఉంది.

"సార్, అందులో కొలతలన్నీ ఒక్కరివే" అని సింధూర నిజం చెప్పేసింది.

"ఎవరివి?" అన్నారు డైరెక్టరు గారు. "ఒక్కరివే అయితే ఒకటో నంబరువి కాదని నమ్మకమేమిటి? సగటుని నేను నమ్మను! నాది నాకు విడిగా తియ్యి."

"మీ ఒక్కరిదీ అంటే రూలు ఒప్పుకోదేమో సార్. కావాలంటే ఐదు సెకన్లలో..."

"ఐదు సెకన్లలో ఏం తెలుస్తుందమ్మా! గరిక తెలుస్తుంది!"

"పూర్తిగా తీయాలంటే పది నిమిషాల నలభై సెకన్లు పడుతుంది. అవతల సభ ఆగి ఉంది. మీకు తొందరేమో..."

"తొందరా? ఎవరికి తొందర?" డైరెక్టరు గారు మాల తీసి ఏవో గారి మెడలో వేసి, బల్ల ఎక్కేశారు. "నిదానంగా విను తల్లీ. ఒకటికి రెండుసార్లు విను. మధ్యలో నువ్వు మంచినీళ్లు తాగాలంటే తాగు."

"కదలకండి సార్."

ఆయన కదల్లేదు. ఇరవై ఒక్క నిమిషాల ఇరవై సెకన్లు కొయ్యలా పడుకున్నారు. గడప బయట ఏవో గారు మాలతో నిలబడి, తన వంతు ఎప్పుడొస్తుందోనని, మొదటిసారి గడియారం చూడకుండా ఎదురు చూశారు.

ఇద్దరి తలలూ శుభ్రంగా ఉన్నాయి. ఆ సాయంత్రమే ఆదేశం వచ్చింది: "ఇక మీదట ఒక మనిషి మెదడు ఆ మనిషికే చెందును. సదరు విషయమున తొందర పడువారిపై చర్య తీసుకొనబడును." నూకాలమ్మ పోను తొలి విడతలో మిగిలిన నూట ఇరవై ఏడు మందినీ మళ్లీ పిలిచి, ఒక్కొక్కరికీ విడివిడిగా పరీక్ష చేయమన్నారు. సింధూరకి ఆ పని మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఎవరూ ఎంతసేపని అడగలేదు.

డైరెక్టరు గారి బూట్లు మాత్రం దొరకలేదు. మహావేగ దినాన నూట ఇరవై ఏడు జతలూ ఎవరివి వారికి చేరాయి. మొదటి జత ఎవరి కాళ్లకో ఎక్కి వెళ్లిపోయింది.

అసలు కాగితం బుధవారం సాయంత్రం ఐదింటికే డాక్టర్ విఠల్ బల్ల మీదికి చేరింది. ఆయన కుడివైపు శిఖరాన్ని చాలాసేపు చూసి, గురువారం జాబితాలో ఒక పేరు కొట్టేసి, మాత్రలు రాశారు.

గురువారం పొద్దున్న పది గంటలకి నూకాలమ్మ ఇడ్లీ బండి దగ్గరే ఉంది. కొప్పు నడినెత్తినే ఉంది. మిగిలిపోయిన నూట పాతిక రిపోర్టు ప్రతుల్ని నాలుగు మడతలు పెట్టి పొట్లాలకి సిద్ధంగా పెట్టుకుంది. సింధూర, భార్గవ్ బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. ఆ రోజు వంతు పిలుపు "ఏమోయ్". అది నచ్చినట్టుంది, అప్పటికి మూడుసార్లు పిలిచింది.

కొత్త చెప్పులతో డైరెక్టరు గారు వచ్చారు, వెనకే ఏవో గారు. పాత్ర మీద మూత పెట్టి ఉంది. అంచుల్లోంచి ఆవిరి సన్నగా వస్తోంది.

"అయినవా?" అని ఏవో గారు అలవాటుగా మూత మీద చెయ్యి వేశారు.

డైరెక్టరు గారు ఆ చేతి మీద ఒక్కటి వేశారు.

"ఇంకో నాలుగు నిమిషాలు బాబూ" అంది నూకాలమ్మ.

"పర్లేదమ్మా, పర్లేదు" అన్నారు డైరెక్టరు గారు, కొత్త చెప్పుల్ని విడవకుండా, కాలివేళ్లతో గట్టిగా పట్టుకుని నిలబడి. రైల్వే గేటు పడింది. రైలు వచ్చింది, వెళ్లింది. గేటు లేచింది. ఆయన మాత్రం కదల్లేదు.